ముందుకి అర, వెనక్కి పావు

ధ్యాన భాగం: మత్తయి 5:23–24, 1 దినవృత్తాంతములు 22:3

దావీదు మందిరం కట్టలేదు. కట్టబోయే కొడుకు కోసం సామాను పోగుచేశాడు. ఆ సామాను లెక్క చదివినప్పుడల్లా నా చూపు ఒకచోట ఆగిపోతుంది. బంగారం, వెండి మాట ఆ అధ్యాయంలో తరవాతెప్పుడో వస్తుంది. రాళ్లు చెక్కేవాళ్లని పెట్టగానే వచ్చేది ఇనుము. తలుపుల మేకులకని, జోడింపులకని రాజు ముందే ఇనుము కూడబెట్టాడు. ఆరాధనకి వచ్చేవాళ్లకి ఆ మేకులు కనిపించవు. రెండు చెక్కల మధ్య ఎక్కడో ఉండిపోతాయి. అయినా రాజు వాటిని మర్చిపోలేదు, ఆ లెక్క రాసినవాడూ మర్చిపోలేదు. ముప్ఫై ఏళ్లుగా బోల్టులూ నట్లతో బతుకుతున్నవాణ్ణి. బైబిల్లో ఆ వచనం తగిలితే పరాయి ఊళ్లో మన ఊరి మనిషి ఎదురైనట్టు ఉంటుంది నాకు.

మాది బంటుమిల్లి. విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు ఫిట్టరు పని చేసి, ఇంటికొచ్చేసి, పెరట్లో రేకుల షెడ్డు వేసుకున్నాను. ఒక బల్ల, దానికి బిగించిన వైస్, డ్రిల్లింగ్ మెషిను, గ్రైండరు, గోడకి వేలాడే స్పానర్లు. నా దగ్గరికి వచ్చే పని ఎక్కువగా రొయ్యల చెరువులదే. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, పంపులు, వాటి గేర్‌బాక్సులు. మధ్యమధ్యలో ఎవరో అల్యూమినియం కిటికీ చట్రమో, తలుపో పట్టుకొస్తారు. మా అమ్మ ఇప్పటికీ అల్యూమినియాన్ని సత్తు అనే అంటుంది.

బోల్టుకుండేలాంటి మర లేనిదే ఇక్కడ నారుమడి కూడా తడవదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు పారాయి. బంటుమిల్లి కాలవ వాటిలో ఒకటి. మేం శివారు ఊళ్లవాళ్లం, అందరి పొలాలూ తడిశాక గానీ మాకు నీళ్లు రావు. ఆ నీళ్లు రావాలన్నా తూము దగ్గర లస్కరు చక్రం తిప్పాలి. నిలువు కడ్డీ మీద కోసిన మర మెల్లిగా పైకి పాకుతుంటే, దాంతోపాటు తలుపు వేలెడు వేలెడు లేస్తుంది. నీళ్ల బరువంతా ఆ తలుపు మీద ఉన్నా ఒక్క మనిషి చేతులు చాలు. మరలో ఉన్న బలం అది. లాగితే రానిది తిప్పితే వస్తుంది.

అల్యూమినియంలో మర కొయ్యడం చూడ్డానికి చిన్న పని. 8 ఎం.ఎం. బోల్టు తీసుకోండి. దాని ఒక మర నుంచి పక్క మరకి దూరం 1.25 ఎం.ఎం. 8లోంచి అది తీసేస్తే 6.75. అందుకని 6.8 బిట్టుతో కన్నం వేస్తాం. ఇనుములోనైతే బోల్టు లావెంతో అంత లోతు మర పట్టినా సరిపోతుంది. అల్యూమినియం మెత్తన, దానికి రెండింతలివ్వాలి, అంటే 16 ఎం.ఎం. ఆ తరవాత మర కోసే ట్యాప్ దింపుతాం. ట్యాపులు మూడు ఒక సెట్టుగా వస్తాయి. మొదటిదాని మొన కోసుగా ఉండి దారి చేస్తుంది, మూడోది కన్నం అడుగుదాకా కోస్తుంది. రెండు చుట్లు దిగగానే మూలమట్టం ఆనించి చూసుకోవాలి. అక్కడ ఒరిగిందంటే ఆ ఒరుగు అడుగుదాకా పోతుంది, చివర్లో సరిచేద్దామంటే కుదరదు. కాస్త కిరసనాయిలు పోస్తూ ఉండాలి. ఈమధ్య అది దొరకట్లేదు గనక డీజిలు పోస్తున్నాను.

లోహం మెత్తన కదా, సులువుగా తెగుతుంది అనుకుంటారు కొత్తవాళ్లు. ఆ మెత్తదనమే చిక్కు. రాపిడి వేడికి అల్యూమినియం ట్యాపు పళ్లకి అంటుకుపోతుంది. తెగిన రజను ట్యాపు గాడుల్లో కూరుకుపోయి గట్టిపడుతుంది. ఇంకా తిప్పితే కోసిన మరనే చీల్చేస్తుంది, లేదా ట్యాపే విరుగుతుంది.

ఆటోనగర్‌లో నాకు పని నేర్పింది ఒక సాయిబు గారు. అందరూ మేస్త్రీ అనేవాళ్లు. ట్యాప్ హ్యాండిలు చేతికిచ్చిన రోజు ఆయన చెప్పింది నాలుగే మాటలు: "ముందుకి అర, వెనక్కి పావు." అర చుట్టు ముందుకి తిప్పు, పావు చుట్టు వెనక్కి రా. వెనక్కి వచ్చినప్పుడు వేళ్లకి చిన్నగా 'టిక్' మని తగులుతుంది. చెవికి వినపడకపోయినా వేలికి తెలుస్తుంది. అది రజను తెగిన చప్పుడు. తెగిన రజను గాడిలోంచి జారిపోతుంది, డీజిలు లోపలికి దిగుతుంది, మళ్లీ అర చుట్టుకి చోటు ఏర్పడుతుంది. కుర్రతనంలో నాకు ఆ పావు చుట్టు దండగలా అనిపించేది. దిగినదాంట్లో సగం పోగొట్టుకోవడమే కదా అనుకునేవాణ్ణి. మేస్త్రీ నా వెనక నిలబడి, నేను వెనక్కి తిప్పడం మానేసిన ప్రతిసారీ మోచేతి మీద వేలితో తట్టేవారు. ఒక్క మాట కూడా అనేవారు కాదు.

ఇంత తెలిసినవాణ్ణే, కిందటేడు ఒక శుక్రవారం రాత్రి తప్పు చేశాను.

చెరువులో రొయ్య ఉన్నవాడికి ఏరేటరే ప్రాణం. పగలు నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచు కూడా పీల్చుకునేదే. తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, రొయ్యలు పైకి తేలతాయి. ఆ వేళకి ఒక ఏరేటరు ఆగి ఉందంటే రైతు గట్టు మీద నిలబడలేడు, ఇంటికెళ్లి పడుకోలేడు. వరసకి నాకు బాబాయి అయ్యే ఒక రైతు, మా సంఘం మనిషే, ఆ సాయంత్రం గేర్‌బాక్సు తెచ్చి షెడ్లో పెట్టాడు. అల్యూమినియం పోత డబ్బా. 8 ఎం.ఎం. బోల్టు పట్టే చోట మర తినేసింది, బోల్టు ఊరికే తిరుగుతోంది. దాన్ని 10కి పెంచి కొత్త మర కోస్తానన్నాను. "రాత్రికే ఇస్తావా?" అన్నాడు. ఇస్తానన్నాను.

ఆ కన్నం ఇటునుంచి అటు పోయే కన్నం కాదు, అడుగు మూసి ఉన్నది. అలాంటిదాంట్లో రజను కిందికి జారిపోదు, కాబట్టి మామూలుకన్నా ఎక్కువసార్లు ట్యాప్ పైకి తీసి శుభ్రం చేసుకోవాలి. ట్యాపు కూడా అరిగి మొద్దుబారి ఉంది. పనిముట్టు మొద్దుబారితే బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుందని ప్రసంగి గ్రంథం 10వ అధ్యాయంలో ఉన్న సంగతి నాకు తెలుసు, ఆ వాక్యం మీద ఒకసారి కూటంలో మాట్లాడాను కూడా. అవతల ఫోను మోగుతోంది. ముందుకి అర చుట్టు, ఇంకో అర, ఇంకో అర. వెనక్కి రాలేదు. చివరి రెండు మూడు చుట్లుండగా చేతికింద 'టప్' మంది. హ్యాండిలు వదులుగా నా చేతిలోకి వచ్చేసింది. ట్యాపు సగం లోపలే ఉండిపోయింది.

ట్యాపు విరగడం పెద్ద పాపమేమీ కాదు. ఎవరికైనా విరుగుతుంది. తరవాత చేసినదే నా నేరం. బాబాయి మళ్లీ ఫోను చేశాడు. "బాబాయ్, డబ్బా పాతదైపోయింది, లోపల లోహం పొడిపొడిగా రాలిపోతోంది, ఇంక పనికిరాదు" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "సరేలేరా, నీకు తెలీనిదేముంది" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే విరిగిన ముక్కని తీద్దామని కూర్చున్నాను. ట్యాపు గట్టి ఉక్కు, డ్రిల్ బిట్టు దాని మీద జారిపోతుందే గానీ దిగదు. పంచ్ పెట్టి కొడితే చుట్టూ ఉన్న మెత్తటి అల్యూమినియం చితికిపోతుంది. బలంతో అయ్యే పని కాదని తేలిపోయింది. అప్పుడు మేస్త్రీ చేసిన ఒక పని గుర్తొచ్చింది. అమ్మనడిగి పటిక తీసుకున్నాను.

పటిక మా వైపు ప్రతి ఇంట్లో ఉండేది. కాలవ నీళ్లు బురదగా వచ్చినప్పుడు బిందెలో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పేవాళ్లు. కాసేపటికి బురదంతా అడుక్కి దిగి, పైన నీళ్లు తేటపడేవి. ఆ పటికలోనూ ఉన్నది అల్యూమినియమే, కాకపోతే లవణం రూపంలో ఉంటుంది. పటిక కలిపిన వేడి నీళ్లు పుల్లటివి. అవి ఉక్కుని మెల్లమెల్లగా తినేస్తాయి, పక్కనున్న అల్యూమినియం జోలికి దాదాపు పోవు. పెరట్లో ఆరుబయట, పాత మట్టికుండలో డబ్బా ముక్క పెట్టి, పటిక నీళ్లు పోసి, సన్నటి సెగ మీద ఉంచాను. ఇనప గిన్నె పనికిరాదు, గిన్నెనే తినేస్తాయి. కాసేపటికి విరిగిన ట్యాపు నల్లబడింది. దాని పళ్ల మీంచి ఆవగింజల్లాంటి బుడగలు ఒకటొకటే లేవడం మొదలైంది. నేను చెయ్యగలిగిందల్లా ఇగిరిపోయిన నీళ్లు మళ్లీ పొయ్యడమే.

శనివారం పగలంతా, రాత్రంతా ఆ కుండ దగ్గరే ఉన్నాను. చేతికి పని లేకపోతే మనసు ఊరుకోదు, అల్యూమినియం అతుకుల మీదికి పోయింది.

అల్యూమినియాన్ని వెల్డింగుతో అతికించడం ఎందుకంత కష్టమో చాలామంది అడుగుతారు. అది 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కానీ గాలి తగిలిన మరుక్షణం దాని ఒంటి మీద ఒక పొర ఏర్పడుతుంది. కంటికి కనపడదు, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా పల్చన. ఆ పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. అందుకే రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి కాలిస్తే లోపల లోహం నీరైపోయినా, పొర అడ్డం ఉండి ఒకదాంట్లో ఒకటి కలవవు. ఇటూ అటూ దిశ మారే కరెంటుతో వెల్డింగు చేసేవాళ్లు ఆ కరెంటుతోనే పొరని చెదరగొడతారు. అంతకుముందు నూనె జిడ్డు తుడిచి, స్టీలు బ్రష్షుతో గీకుతారు. ఆ పొర చెడ్డదేం కాదు. ఉప్పుగాలిలో అల్యూమినియం తుప్పు పట్టి రాలిపోకుండా కాపాడేది అదే. జోడించేటప్పుడు మాత్రం పోవాలి. గీకిన తరవాత తాత్సారం చేస్తే మళ్లీ పట్టేస్తుంది, అందుకని గీకిన వెంటనే అతకాలి.

నేను బాబాయికి చెప్పిన అబద్ధం కూడా అంత పల్చనిదే. ఒక్క వాక్యం. ఎవరికీ కనపడదు. ఆయన నన్ను అనుమానించలేదు, అనుమానించడు కూడా. మర్నాడు గుళ్లో ఒకే వరసలో కూర్చుంటాం, ఒకే పాట పాడతాం, ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కనే మోకరిస్తాం. ఎంత వేడెక్కినా కలవం. ఇది నాకు ఆ కుండ పక్కన కూర్చున్నప్పుడు స్పష్టంగా తెలిసింది.

కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పిన ఒక సంగతి చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వెళ్లిన మనిషి గురించి. వాడు గుమ్మం బయట లేడు, దారిలోనూ లేడు, పీఠం ముందు నిలబడి ఉన్నాడు. సహోదరుడికి తన మీద ఏదో ఉందని అక్కడ గుర్తొస్తుంది. అప్పుడు కానుక అక్కడే వదిలి వెనక్కి పొమ్మన్నాడు ప్రభువు. సమాధానపడ్డాకే తిరిగి రమ్మన్నాడు. గలిలయ నుంచి యెరూషలేముకి కొన్ని రోజుల నడక. ఆ మాట మొదట విన్నవాళ్లలో గలిలయవాళ్లున్నారు. అంత దూరం వచ్చి, పీఠం దాకా చేరి, వెనక్కి పోవడమంటే వాళ్లకి ఏమనిపించి ఉంటుంది? నా మోచేతి మీద మేస్త్రీ వేలు తగిలినట్టయింది. ఆరాధన అయ్యాక చెబుదాంలే అని అప్పటిదాకా అనుకుంటున్నాను. మనసు గీకి శుభ్రం చేసుకున్నాక ఆగితే మళ్లీ పొర పడుతుంది.

ఆదివారం కోడి కూసే వేళకి ట్యాపు ముక్క వదులైంది. సన్నటి మొనతో కదిపితే మూడు ముక్కలుగా ఊడి వచ్చింది, పుచ్చిన పన్నులా. దాని చుట్టూ ఉన్న అల్యూమినియం మర మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త ట్యాపు తీసి, మిగిలిన చుట్లు కోశాను. ముందుకి అర, వెనక్కి పావు. బోల్టుకి గ్రీజు రాసి బిగించి చూశాను, పట్టింది. స్టీలు బోల్టుని అల్యూమినియంలో గ్రీజు లేకుండా బిగిస్తే ఈ ఉప్పునీళ్లలో రెండూ ఒకదాన్నొకటి తింటాయి. తెల్ల పొడి కట్టి, తరవాత విప్పబోతే బోల్టు తల తెగుతుంది.

డబ్బా బండి మీద పెట్టుకుని చెరువు దగ్గరికి వెళ్లాను. బాబాయి గట్టు మీదే ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు రాత్రులు ఆక్సిజన్ బిళ్లలు చల్లుతూ నెట్టుకొచ్చాడట. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ట్యాపు విరిగింది నా తొందరవల్లనని, డబ్బా పాతదని చెప్పింది అబద్ధమని. ఆయన చాలాసేపు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. "నిన్ననే కొత్తదానికి అడ్వాన్సు కట్టానురా" అన్నాడు చివరికి. నా అబద్ధానికి ఒక ధర ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ అడ్వాన్సు నేనిస్తానన్నాను. కాసేపు ఆలోచించి, సగం ఇవ్వమన్నాడు. ఇచ్చాను, తీసుకున్నాడు. వద్దులే అని ఉంటే నాకు ఇంకా బరువుగా ఉండేది. తరవాత ఇద్దరం కలిసి గేర్‌బాక్సు బిగించాం. ఆయన బోల్టు పట్టుకుంటే నేను స్పానరు తిప్పాను.

ఆ ఉదయం గుళ్లో కొంచెం ఆలస్యంగా కూర్చున్నాం. మాది సి.ఎస్.ఐ. సంఘం. అది జోడించిన సంఘమని పిల్లలకి చెబుతూ ఉంటాం గానీ, ఎంత కాలం పట్టిందో చెప్పం. 1919లో తరంగంబాడిలో వేరు వేరు సంఘాల బోధకులు కొద్దిమంది కూర్చుని ఒకటవుదామనుకున్నారు. ఆ కూర్చున్నవాళ్లలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఒకరు. కృష్ణా డెల్టాలోని ఆంగ్లికన్ సంఘాలకి కూడా ఆయనే బిషప్ అయ్యారు. 1929లో ఐక్యతా పథకం అచ్చయింది. దాన్ని చదివి, అభ్యంతరాలు చెప్పి, వెనక్కి తెచ్చి, సవరించి, మళ్లీ అచ్చువేసి, మళ్లీ సవరించారు. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సెయింట్ జార్జి కథెడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 28 ఏళ్లు. అన్నేళ్లు వెనక్కి వచ్చి వచ్చి చూసుకున్నవాళ్లు కాలం వృథా చేశారని నేను ఒప్పుకోను. ఒకే బల్ల దగ్గర మేం మోకరిస్తున్నామంటే, ఆ పావు చుట్లన్నీ వాళ్లు తిప్పబట్టే.

ఆ గేర్‌బాక్సు ఇప్పటికీ బాబాయి చెరువులోనే తిరుగుతోంది. కొత్తది ఆయన పాకలో స్పేరుగా ఉంది. పని వస్తే ఇంకా నా షెడ్డుకే తెస్తాడు. కాకపోతే ఇప్పుడు వెళ్లిపోకుండా బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు.

ఇది చదువుతున్న అక్కయ్యా, అన్నయ్యా, మీకు కూడా ఎవరి పేరో ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. ఆదివారం దాకా ఆగకండి.

ప్రార్థన: తండ్రీ, నజరేతులో చెక్క పని చేసిన చేతులు నీ కుమారుడివి. పనివాళ్ల తొందర, పనివాళ్ల భయం నీకు తెలుసు. మాలో విరిగి ఇరుక్కున్నదాన్ని మమ్మల్ని చితక్కొట్టకుండా తీసెయ్యి. అది ఒక రాత్రిలో పోకపోతే కుండ దగ్గర కూర్చునే ఓపిక ఇవ్వు. ఈ రోజు మేం ఎవరి గట్టు మీదికి వెనక్కి నడవాలో చూపించు. యేసు నామంలో అడుగుతున్నాం. ఆమేన్.